మందు గిన్నెలో కోతి

మణికొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల వుత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె భర్త హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామునే లేచి గోల్ఫ్ ఆడటానికి వెళుతున్నారట. ఆట మీద ఆమెకు కోపం లేదు. "పేకాట కంటే నయమే కదండీ, నాలుగడుగులు నడుస్తారు" అని ఆమే వ్రాశారు. బాధ అంతా ఆట ముగిశాక ఇంట్లో భోజనాల దగ్గర. ఆయన ఇంతవరకు సాధించిన అతి మంచి లెక్క 91. ఎలాగైనా 90 లోపు ఆడాలని పట్టుదల. మూడుసార్లు పదిహేను గుంటల దాకా బ్రహ్మాండంగా ఆడి, చివరి మూడు గుంటల్లో చెడగొట్టుకొని వచ్చారు. ఆ మూడు ఆదివారాలూ వంకాయకూరలో ఉప్పు ఎక్కువైంది, ఫ్యాను చప్పుడు చేసింది, పై అంతస్తులో పిల్లలు గంతులు వేశారు.

"మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దానిదీ ఇదే తంతు. కాలేజీలో పెట్టే మాదిరి పరీక్షల్లో మొదటి గంట చకచకా వ్రాస్తుంది. ఈసారి ఇన్ని మార్కులు వచ్చి తీరుతాయి అనుకున్న క్షణం నుంచీ చేయి ఆడదట. ఇది వంశపారంపర్యమా అండీ?" అని అడిగారు.

వుత్తరం చివర ఇంకొక సంగతి కూడా వుంది. అది కాస్త సున్నితమైనది. దాన్ని ఆఖరున చూద్దాం.

వంశపారంపర్యం కాదమ్మా. అలా అయితే లోకంలో అందరం ఒకే వంశం వాళ్లమనాలి.

గోల్ఫ్ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, ఎక్కడో దూరాన వున్న గుంటలో పడవేయాలి. అలాంటి గుంటలు 18. ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. ఆరితేరినవాడికి ఇన్ని చాలునని మైదానాన్ని బట్టి ఒక లెక్క కట్టి, దాన్ని 'పార్' అంటారు. అది సాధారణంగా 72. అంటే 90 కొట్టినవాడు గుంటకు ఒక్కొక్క దెబ్బ చొప్పున ఎక్కువ తీసుకున్నట్టు. వారానికి ఒకసారి ఆడే వుద్యోగికి 90 లోపల ముగించడమంటే మెట్రిక్ పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినంత సంబరం. మణికొండ వారికి ఈ ఆట మరీ పరాయిది కూడా కాదు. ఒకవైపు గచ్చిబౌలి దగ్గర రాతిగుట్టల మధ్య బౌల్డర్ హిల్స్ మైదానం, మరొకవైపు గోలకొండ దగ్గర నయా ఖిల్లాలో ఇంకొకటి. గుట్టలకూ, హుసేన్ షా వలీ దర్గాకూ పేరుపడ్డ ఆ వూళ్లో ఇప్పుడు మేడ మీద మేడ. ఆ మేడల్లోని వాళ్లకు ఆదివారం పొద్దున్న కాస్త పచ్చగడ్డి మీద నడవాలని వుండటంలో వింతేముంది?

సోదరి తన భర్త కార్డు ఒకదానికి నకలు కూడా పంపారు. కార్డంటే ఏ గుంటకు ఎన్ని దెబ్బలు పట్టాయో వ్రాసుకునే అట్టముక్క. పదిహేను గుంటలు ముగిసేసరికి 73. ఇక మూడు మిగిలాయి. ఒక్కొక్కదానికి అయిదు చొప్పున వేసుకున్నా 88. అట్టముక్క అంచున పెన్సిలుతో చిన్నగా 88 అని వేసి, దాని చుట్టూ సున్న చుట్టి వుంది. పదహారో గుంట అయిదు. పదిహేడు, ఎనిమిది! పద్దెనిమిది, ఆరు. మొత్తం 92. నా మట్టుకు నాకు ఆ ఎనిమిది కంటే పెన్సిలుతో చుట్టిన ఆ సున్న మీదనే అనుమానం.

ఈ ఆటలో ఒక పెద్ద చిక్కుంది. క్రికెట్టులో బంతి మన మీదికి వస్తుంది, ఆలోచించే వ్యవధి వుండదు. బాడ్మింటన్‌లోనూ అంతే. గోల్ఫ్‌లో బంతి కదలదు. మీరు కొట్టే దాకా మిమ్మల్నే చూస్తూ గడ్డిలో కూర్చుని వుంటుంది. నాలుగు గంటల ఆటలో నిజంగా కర్ర ఆడించే సమయమంతా కలిపితే కొద్ది నిమిషాలే. మిగిలిందంతా నడక. నడుస్తున్న మనిషి వూరికే వుంటాడా? కూడికలు వేస్తాడు. కూడికలు ముగిశాక స్నేహితులకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటాడు. బంతి దగ్గరికి చేరేసరికి ఆయన మైదానంలో లేడు, సాయంత్రం ఇంట్లో మిఠాయి పంచుతున్నాడు.

"లెక్క సంగతి తలచుకోకండి" అని స్నేహితులు సలహా ఇస్తారు. వెనకటికి ఒక వైద్యుడు రోగికి మందు ఇచ్చి, పథ్యాలన్నీ చెప్పి, "ఈ మందు తాగేటప్పుడు మాత్రం కోతిని తలచుకోకు నాయనా" అన్నాడట. ఆ రోగి పుట్టి బుద్ధెరిగాక మందు తాగుతూ కోతిని తలచుకున్నవాడు కాడు. ఆ రోజు నుంచీ గిన్నె ఎత్తితే చాలు, కోతే. మన పెద్దలు కథగా చెప్పిన దాన్నే అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1987లో ప్రయోగం చేసి చూపించాడు. ఆయన కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి అన్నాడు. దాన్ని తలచుకోవద్దనీ, తలపుకు వస్తే గంట కొట్టమనీ విద్యార్థులకు చెప్పాడు. గంటలు మోగుతూనే వున్నాయి.

అసలు లెక్క తెలియకుండా వుంటే మేలు కదా అంటారేమో. దానికీ ఒక కథ వుంది. శామ్ స్నీడ్ అని అమెరికాలో మహా ఆటగాడు, అక్కడి పెద్ద పోటీల్లో 82 గెలిచినవాడు. 1939లో అమెరికా ఓపెన్ పోటీ చివరి రోజున చివరి గుంట దగ్గరికి వచ్చాడు. అది అయిదు దెబ్బల గుంట. అయిదుకు ముగిస్తే కప్పు అతనిదే. అప్పట్లో మైదానంలో ఎవరి లెక్క ఎంతో తెలిపే బోర్డులు లేవు. నాలుగుకే ముగిస్తే తప్ప గెలవనని స్నీడ్ అనుకున్నాడు. నిదానంగా ఆడవలసిన చోట సాహసం చేశాడు. బంతి ఇసుకలో పడింది, అక్కడి నుంచి ఇంకొక ఇసుకలో పడింది. ఎనిమిది దెబ్బలు! తర్వాత ఎన్నో ఏళ్లు ఆడినా, ఆ ఒక్క అమెరికా ఓపెన్ మాత్రం అతనికి దక్కనేలేదు. కాబట్టి కళ్లకు గంతలు కట్టుకోవడం మందు కాదు. లెక్క తెలియడం వల్ల కాదు చేటు. లెక్కను చూసి, అంతవరకు ఆడిన ఆట తీరును మార్చుకోవడం వల్ల.

మార్చుకోవడం రెండు విధాలు. ఒకటి, చేతికి కాపలా పెట్టడం. సంక్రాంతి నాడు వాకిట్లో ముగ్గు వేసే అమ్మాయిని చూడండి. చుక్కల మధ్య పిండి ధారగా జారిపోతూ వుంటుంది. చుట్టూ పదిమంది చేరి "ఆహా, ఎంత బాగా వేస్తున్నావమ్మా, ఈసారి బహుమతి నీదే" అన్నారనుకోండి. అప్పుడు ఆ పిల్లకు తన వేళ్లు గుర్తుకు వస్తాయి. బొటనవేలు ఎంత నొక్కాలి, చూపుడువేలు ఎంత వదలాలి అని చూసుకోవడం మొదలుపెడుతుంది. గీత వంకర పోతుంది. అమెరికాలోనే సియన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలూ, ఆమెతో పనిచేసినవారూ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేయి తిరిగిన గోల్ఫ్ ఆటగాళ్ల చేత బంతిని గుంటలోకి దొర్లింపజేసి చూశారు. మీ కర్ర కదలిక మీదనే దృష్టి పెట్టండి అన్నప్పుడు వాళ్ల గురి చెడింది. చెవికి వేరే పని అప్పగించి కొట్టమన్నప్పుడు అంతకంటే బాగా కొట్టారు. కొత్తగా నేర్చుకునేవారి సంగతి వేరు, వాళ్లు చూసుకుంటూ కొట్టడమే మంచిదని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. మీ వారు నాలుగేళ్లు ఆడారు కనుక మొదటి జాబితాలోకే వస్తారనుకుంటాను.

రెండోది, చేతికి వచ్చిన దాన్ని దాచుకోవాలని చూడటం. ఇద్దరు అమెరికన్ పండితులు పెద్ద పోటీల్లోని 25 లక్షలకు పైగా దెబ్బలను లెక్కకట్టి 2011లో ఒక సంగతి తేల్చారు. గుంటకు అంతే దూరంలో బంతి వున్నా, పార్ పోకుండా కాపాడుకోవలసిన దెబ్బను కొట్టినంత గట్టిగా, పార్ కంటే ఒకటి తగ్గించుకునే దెబ్బను కొట్టరట. నష్టం తప్పించుకోవడానికి వున్న తెగువ లాభానికి వుండదు. బంతి గుంట ముందే ఆగిపోతుంది. టైగర్ వుడ్స్ అంతటివాడిలోనూ ఈ లక్షణం కనబడింది. ఇక మన వుద్యోగి అన్నయ్యలెంత?

మన తెలుగువారి పిల్లవాడు ఒకడు ఈ పరీక్షను లోకమంతా చూస్తుండగా వ్రాశాడు. అతను సాహిత్ తీగల. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. 2020లో అమెరికా కాలేజీ ఆటగాళ్లలో మేటికి ఇచ్చే పెద్ద బహుమతులన్నీ పొందాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీలో, మూడో రోజు ముగిసేసరికి హేమాహేమీలందరి కంటే ముందున్నాడు. నాలుగో రోజు పదిహేడో గుంట (చూశారా, అక్కడా పదిహేడే!) దగ్గర కొట్టిన బంతి నేల మీద పడి, ఎడమకు గెంతి, నీళ్లలోకి పోయింది. ఒకే ఒక్క దెబ్బ తేడాతో విజేతను తేల్చే అదనపు ఆటకు దూరమయ్యాడు. ఇంటివాళ్ల మధ్య నిలబడి ఏడ్చాడు. ఇరవైనాలుగేళ్ల పిల్లవాడు, ఏడవక ఏం చేస్తాడు?

అయిదు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, ట్రావెలర్స్ పోటీ. పదిహేడో గుంటను ఒక దెబ్బ తక్కువలో ముగించి ముందుకు వచ్చాడు. ఇక మిగిలింది ఒక్క గుంట. మొదటి దెబ్బ ఇసుక గోతిలో పడింది. అందులోంచి కొట్టిన బంతి గోతి గట్టుకు తగిలి మళ్లీ అక్కడే పడింది. నాలుగు పట్టవలసిన చోట ఆరు. కప్పు జాండర్ షాఫ్లే పట్టుకుపోయాడు.

అప్పుడు ఎవరైనా "ఈ కుర్రవాడికి గుండె లేదు" అని వుంటే, ఆ మాటకు జవాబు 2023 సెప్టెంబరులో వచ్చింది. తన కాలిఫోర్నియాలోనే, నాపాలో జరిగిన ఫార్టినెట్ పోటీలో పార్ కంటే 21 తక్కువతో, రెండు దెబ్బల ఆధిక్యంతో గెలిచాడు. అది అతనికి ఆ స్థాయిలో మొదటి గెలుపు. కష్టాలు తీరిపోయాయని అనుకోకండి. 2024 జనవరిలో హవాయిలో చివరి రోజు 63 కొట్టి కూడా ఒక్క దెబ్బ తేడాలో రెండోవాడుగా మిగిలాడు. ఈ జబ్బుకు ఒకసారి టీకా వేయించుకుంటే జన్మంతా పనిచేస్తుందనుకోవడం భ్రమ. అయితే, అంచు దాకా వెళ్లడం అలవాటు కావాలంటే అంచు దాకా వెళ్లడమే మార్గం. మీ వారు మూడుసార్లు వెళ్లారు. నేనైతే వాటిని మూడు అభ్యాసాలుగా జమ వేస్తాను.

మన హైదరాబాద్ అజహరుద్దీన్‌ను మరచిపోతే ఎలా? 1986లో కాన్పూరులో శ్రీలంక మీద 199 దగ్గర అవుటయ్యాడు. 99 టెస్టులు ఆడి 22 శతకాలు చేసినా, రెండువందలు మాత్రం ఎన్నడూ చేయలేదు. 199కీ 200కీ తేడా ఒక్క పరుగే. 150కీ 151కీ కూడా అంతే. అయినా ఆ రెండో తేడాను గురించి ఎవరూ బాధపడరు. రెండు సున్నాలు చూస్తే మనకు మతిపోతుంది. మన పూర్వులు ఈ విషయంలో తెలివైనవాళ్లేమో, కట్నం చదివించేటప్పుడు నూరు దగ్గర ఆగక నూటపదహార్లు అన్నారు! 91 నుంచి 90కి రావడమూ, 90 నుంచి 89కి రావడమూ ఒకటే దెబ్బ అని మీ వారికి కాగితం మీద వేసి చూపండి. నవ్వుతారు. నవ్వితే సగం పని అయినట్టే.

మిగిలిన సగానికి కొన్ని వుపాయాలు. ఆ పదిహేడో గుంటకు ఎడమ పక్క నీళ్లున్నాయని వ్రాశారు. అక్కడ ఏ కర్ర తీయాలో, ఏ వైపు కొట్టాలో శనివారం రాత్రి ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోమనండి. గుండె దడదడలాడుతున్నప్పుడు చేసే ఆలోచన మంచి ఆలోచన కాదు. ఆ ఘడియకు పాత నిర్ణయం ఒకటి సిద్ధంగా వుండాలి. మైదానంలో సందేహం వస్తే "ఇదే బంతి మూడో గుంట దగ్గర ఇలా పడి వుంటే ఏం చేసేవాణ్ణి?" అని అడిగి, అదే చేయాలి. లెక్క తలపుకు వస్తే తరిమివేయబోకూడదు. "అవును, 73. సరే. ఇప్పుడు ఈ బంతి ఎక్కడ పడాలి?" కోతి ఒక మూల కూర్చునే వుంటుంది, వుండనివ్వండి, మందు తాగడం ఆపకూడదు. పడవలసిన చోటు ఒక చెట్టో, బండరాయో, కచ్చితంగా ఏర్పరచుకోవాలి. ప్రతి దెబ్బకు ముందూ ఒకే వరస: బంతి వెనక నిలబడి ఆ చోటును చూడటం, పీల్చినదాని కంటే నిదానంగా వూపిరి వదలడం, వెళ్లి కొట్టడం. ఈ వరస మొదటి గుంట నుంచీ వుండాలి సుమా. పదహారో గుంట దగ్గర కొత్తగా మొదలుపెడితే అదే ఒక ప్రమాద సూచన అయి కూర్చుంటుంది. కొట్టాక మళ్లీ బంతిని చేరేదాకా ఆట మాట ఎత్తకుండా తోటివారితో లోకాభిరామాయణం మాట్లాడుకోవచ్చు. ఈ రోజుల్లో దెబ్బ దెబ్బకూ మొత్తం కూడి చూపించే సాధనాలు ఫోనులోనే వస్తున్నాయి. ఆ ఫోను సంచీ అడుగున పడివుంటే మంచిది.

ఇల్లాలు చేయదగినది కూడా వుంది. పదిహేనో గుంట వేళకు మూడు గంటలు దాటి వుంటుంది, ఎండెక్కి వుంటుంది, పొద్దున తాగిన కాఫీ ఎప్పుడో హరించి వుంటుంది. చేతులు వణకడంలో కొంత భయం, కొంత వట్టి ఆకలి. 1977లో అమెరికా పెద్ద పోటీల్లో మొట్టమొదటిసారి 59 కొట్టిన అల్ గైబర్గర్, వేరుశనగ వెన్న రాసిన రొట్టెముక్కలు వెంట తెచ్చుకుని ఆట మధ్యలో తినేవాడని ప్రసిద్ధి. మనకు పల్లీపట్టీ వుండనే వుంది. రెండు కట్టి, మజ్జిగ సీసా పెట్టండి. పన్నెండో గుంట దగ్గర తినమనండి. ఇంటికి వచ్చాక గుమ్మంలోనే "ఎంత?" అని అడగకండి. "ఇవాళ బాగా పడ్డ దెబ్బ ఏది?" అని అడిగి చూడండి. 92 కొట్టిన రోజున కూడా అలాంటిది ఒకటైనా వుంటుంది.

ఇక అమ్మాయి సంగతి. నా మనస్సు ఆయన ఆట మీద కంటే ఈ పిల్ల మీదనే వుంది. ఆదివారం ఆట పోతే మరో ఆదివారం వస్తుంది. ఇంటర్ పరీక్షను మన ఇళ్లలో అలా చూడం కదా. చేయి ఆడనప్పుడు తనలోనే ఏదో లోపం వుందని ఆ పిల్ల అనుకుంటూ వుంటుంది. ఆ సమయంలో లోపల ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరే వున్నారు. ఆయనేమో వంకాయకూర మీద విసుక్కుని గదిలోకి పోతున్నారు. ఒక రోజు ఆయన్ను అమ్మాయి పక్కన కూర్చుని, ఆ పదిహేడో గుంట కథ, పెన్సిలుతో చుట్టిన సున్నతో సహా, చెప్పమనండి. చేతులు ఎలా చల్లబడ్డాయో, ఎనిమిది ఎలా అయిందో. పరీక్ష హాలులో పిల్ల చేయవలసింది కూడా ఇంచుమించు ఇదే: వ్రాసిన పేజీలకు మార్కులు వేసుకోవడం ఇంటికి వచ్చాక, ముందున్న ప్రశ్న ఏమడిగిందో చూడటం ఇప్పుడు. ఆ మాట మీరూ నేనూ చెబితే నీతిబోధ. నాన్న తన ఎనిమిది చూపించి చెబితే పిల్ల వింటుంది.

ఆఖరున, ఆ సున్నితమైన సంగతి. పోయిన నెలలో ఒక ఆదివారం ఆయన 89 కొట్టానంటూ పెద్ద మిఠాయి డబ్బాతో వచ్చారు. ఇల్లంతా పండుగ. మంగళవారం రాత్రి పన్నెండు గంటలకు భార్యను లేపి చెప్పారట: చివరి గుంటలో బంతి రెండడుగుల దూరంలో ఆగితే, "ఇంకేముంది గురూగారూ, పడినట్టే, తీసేయండి" అన్నారు స్నేహితులు. ఆయన తీసేశారు. పడినట్టే లెక్క వేసుకున్నారు. అప్పటి నుంచీ నిద్ర లేదు. "అది 89 అవుతుందా, కాదా? మీరే చెప్పండి. ఆయన ఎవరినీ అడగలేకపోతున్నారు" అని సోదరి వ్రాశారు.

కాదమ్మా. ఇద్దరు ఎదురెదురుగా గుంటకు గుంట పోటీ పడే ఆటలో, ఎదుటివాడు "వదిలేశాను" అంటే చెల్లుతుంది. మొత్తం దెబ్బలు కూడుకునే ఆటలో బంతి గుంటలో పడి తీరాలని నిబంధన. స్నేహితులది మర్యాదే కాని, నిబంధన కాదు. ఆ బంతి నూటికి తొంభైసార్లు పడేదే కావచ్చు. ఆ వేళ మాత్రం పడలేదు. ఆయన లెక్క ఇప్పటికీ 91.

ఇంకొక్క సంగతి కూడా ఆయనకు చెప్పండి. 2024లో అట్లాంటాలో, టూర్ ఛాంపియన్‌షిప్ పోటీ మూడో రోజున, సాహిత్ తీగల ఇసుకలోంచి కొట్టబోతూ కర్రను వెనక్కి తీస్తుంటే అది ఇసుకకు కాస్త రాసుకున్నట్టు అనిపించింది. ఎవరూ అడగలేదు. తానే పిలిచి అధికారులకు చెప్పాడు. రెండు దెబ్బలు జరిమానా పడింది. చివరికి అతను రెండోవాడి కంటే సరిగ్గా రెండు దెబ్బలు వెనక, మూడో స్థానంలో ముగించాడు.